మూడో పిలుపు

మా ఇంట్లో పిలుపుకి ఒక లెక్క ఉండేది. మా అత్తగారు పెట్టిన లెక్క. పెద్దవాళ్ళు ఒకసారి పిలిస్తే పిల్లలు "ఆఁ" అనాలి. పనిలో పడి వినపడలేదేమో అనుకుని రెండోసారి పిలుస్తారు, అది పెద్దవాళ్ళ మంచితనం. మూడోసారి పిలవాల్సి వచ్చిందంటే ఇక బెల్టే. మా ఆయన అట్లాగే పెరిగాడు, ఆయన తమ్ముళ్ళిద్దరూ అట్లాగే పెరిగారు, ముగ్గురూ బుద్ధిమంతులయ్యారని మా అత్తగారికి గొప్ప. వాళ్ళ బుద్ధి సంగతి నన్నడగాలి.

మా అమ్మాయి పిలిస్తే పలకదు. చెవుడు కాదు. పక్క వీధిలో ఐస్‌క్రీం బండి గంట వినపడితే గుమ్మంలోకి పరిగెత్తే పిల్లకి చెవుడేమిటి? పలకడం అనే పని దానికి లేదు, అంతే. దాని పేరు ఇక్కడ రాయను. ఆ పేరుని మా ఇంట్లో వాడిన తీరు చాలు, కాగితం మీద కూడా ఎందుకు?

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఊరి పిల్లలకి పాటలు నేర్పి, గుడ్లు పెట్టి, బరువు తూచి రిజిస్టర్లో రాసే ఉద్యోగం. పిల్లల ఎదుగుదల చూసే కార్డు ఒకటి ఉంటుంది మాకు. అందులో ఒక ప్రశ్న: పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా? అవును, కాదు. ఊళ్ళో పిల్లలందరివీ ఉన్నదున్నట్టు నింపాను. నా కూతురి కార్డు దగ్గరికి వచ్చేసరికి "అవును" మీద టిక్కు పెట్టాను. టీచరమ్మ కూతురికే తేడా ఉందంటే నా మాట ఎవరు వింటారని అనుకున్నాను. అప్పటికి దానికి రెండేళ్ళు.

దానికి తొమ్మిదో ఏడు వచ్చాక ఒంగోలు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ గంటసేపు దాంతో నేలమీద కూర్చుని ఆడింది. "ఇది ఆటిజం. మొండితనం కాదు. కొడితే పోయేది కాదు, కొడితే ఎక్కువయ్యేది" అని విడమరిచి చెప్పింది. మా ఆయన బస్సెక్కి కూర్చున్నాక, "మొండితనానికి పేరు పెడితే జబ్బయిపోద్దా?" అన్నాడు. ఆ కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది నేనే. పైన పెట్టలేదు చూడండి, కింద.

నాకు నోరు లేదనుకోకండి. బియ్యం తక్కువ తూచిన డీలరుతో పదిమందిలో పోట్లాడాను. గర్భిణీల గుడ్లు మాయం చేసినవాణ్ణి సెంటరు మెట్ల మీద నిలబెట్టి కడిగేశాను. నా నోరంతా గడప బయటే. లోపలికి వచ్చేసరికి మూగదాన్ని. అదేం రోగమో, దానికి ఏ డాక్టరమ్మా పేరు పెట్టలేదు.

గోడకుర్చీ వేయించారు. బెల్టు సరేసరి. అవేవీ పనిచేయకపోతే పొగ. మిరప పండే ఊళ్ళో ఎండుకాయలకి కొదవేముంది? మూకుట్లో నిప్పులు పోసి, నాలుగు కాయలు వేసి, పిల్ల మొహం దాని మీదికి వంచడం. మా అత్తగారు దాన్ని "మందు" అనేది. ఒకసారి ఆ మందు పట్టేటప్పుడు చేతులు పట్టుకుంది నేనే. పెనుగులాటలో నిప్పుల మీద పడుతుందేమో, నేను పట్టుకుంటే జాగ్రత్తగా పట్టుకుంటానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఊపిరాడక దగ్గుతూ అది నా మొహంలోకి చూసింది. ఎవరి కళ్ళలోకీ చూడదని నేనే డాక్టరమ్మకి చెప్పాను. ఆ రోజు నా కళ్ళలోకి చూసింది. ఇంతకంటే దీన్ని మెత్తగా రాయడం నాకు చేతకాదు, చేతనైనా రాయను.

దానికి పదిహేనో ఏడు నడుస్తుండగా జరిగింది ఇప్పుడు చెప్పబోయేది. మిరపకాయ కోతల రోజులు. కల్లాల్లో ఎర్రగా ఎండబోసి ఉన్నాయి, ఊరంతా ఘాటు. మా ఆయన మూడెకరాలు కౌలుకి వేశాడు. ఆ పొద్దున కనిగిరి వైపు నుంచి ఆయన మేనమామ, మేనత్త వచ్చారు. మంచినీళ్ళు తెమ్మని మా ఆయన కూతుర్ని పిలిచాడు. అది పెరట్లో బట్టల క్లిప్పులు రంగు ప్రకారం తీగ మీద వరస పెట్టుకుంటోంది. రెండోసారి పిలిచాడు. చుట్టాల ముందు పరువు కదా, రెండోది కాస్త గట్టిగా పిలిచాడు.

సెంటరుకి గుడ్లు దిగాయని ఆయా ఫోన్ చేసింది నాకు. చెప్పులు వేసుకుంటుండగా మూడో పిలుపు వినపడింది. బెల్టు తీసిన చప్పుడు కూడా. మా అత్తగారు మూకుడు కోసం వంటింట్లోకి పోవడం కనపడింది. గుడ్లు లెక్క చూసుకోవాలని నేను బయటికి నడిచాను. ముప్పయ్యేసి గుడ్ల అట్టలు పన్నెండు. అవి ఈరోజుకీ గుర్తే నాకు.

ఒంటిగంటకి ఇంటికొస్తే పిల్ల లేదు. పెరటి తలుపు తీసి ఉంది. "ఎక్కడికి పోద్దిలే, ఆకలేస్తే అదే వచ్చుద్ది" అంది మా అత్తగారు, మంచం మీద మేనత్తతో తమలపాకులు నములుతూ. ఎప్పుడు పోయిందంటే పదకొండింటికట. రెండు గంటలు. మా ఊరికి ఒక పక్క కాలవ, ఒక పక్క టిప్పర్లు తిరిగే రోడ్డు, చుట్టూ మూతల్లేని పాత బోర్లు. మాట రాని పదిహేనేళ్ళ ఆడపిల్ల. మిగతాది నేను చెప్పనక్కర్లేదు, ఆడపిల్లని కన్న ఎవరికైనా తెలుసు.

మా ఆయన కూడా అప్పటికి భయపడ్డాడు, అది ఒప్పుకోవాలి. పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. తమ్ముళ్ళిద్దరూ బళ్ళేసుకుని చెరో దిక్కుకీ పోయారు. చర్చిలో మైకు పెట్టించారు, రామాలయంలో మైకు పెట్టించారు. అవి చాలవని మైకు ఆటోని పిలిచారు. ఆటో ఆయన మా పక్క పేట సాయిబు. చేపలొచ్చాయన్నా, కరెంటు బిల్లు కట్టమన్నా, ఎవరైనా పోయారన్నా మా చుట్టుపక్కల ఊళ్ళకి ఆయన గొంతే. డబ్బులు తీసుకోనన్నాడు. "పాప మనందరి పాపే టీచరమ్మా" అన్నాడు. నేను ముందు సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను, మా ఆయన వెనక.

మైకు మా ఆయనే తీసుకున్నాడు. తండ్రి గొంతయితే పిల్ల గుర్తుపడుతుందని అందరూ అన్నారు. నేను కూడా సరేనన్నాను. ఊరి పొలిమేరలో మొదలుపెట్టాం. కూతురి పేరు పెట్టి పిలిచాడు. ఆగి, మళ్ళీ పిలిచాడు. ఆగి, మళ్ళీ. తర్వాత సాయిబు అందుకున్నాడు. "అయ్యలారా, అమ్మలారా, పచ్చ పంజాబీ డ్రెస్సు వేసుకున్న పాప, మాటలు రావు, ఎవరికైనా కనపడితే చెప్పండి." చాటింపు అంటే ఏదైనా మూడుసార్లు చెప్పాలి, అప్పుడే జనం చెవికెక్కుతుందని ఆయన పద్ధతి. మూడేసిసార్లు పిలుచుకుంటూ కాలవ గట్టు, పత్తి చేలు, ఎస్సీ కాలనీ, స్కూలు వెనక పోరంబోకు, అన్నీ తిరిగాం. మధ్యాహ్నమంతా ఆ పేరు ఊరిమీద మోగింది. మూడున్నర దాటింది. పిల్ల జాడ లేదు.

తూర్పు డొంకలో ఒక మిరప చేను దగ్గర కూలికొచ్చిన ఆడవాళ్ళు కాయ కోస్తున్నారు. ఆటో ఆపి అడిగాం. తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దామె లేచి గట్టు మీదికి వచ్చింది.

"పచ్చ డ్రెస్సు పిల్లా? ఇందాక ఇక్కడే ఉందిగా అమ్మా. మా పక్కన కూకుని కాయ గూడా కోసింది. నీళ్ళిస్తే తాగింది."

నా ప్రాణం లేచొచ్చింది. "ఎటు పోయింది?"

"అదేందో మాకు అర్థం కాలా. ఆ కాలవకాడి నుంచి మీ మైకు వినపడింది. ఒకసారి పిలిచారు, కదలకుండా కూకుంది. రెండోసారి పిలిచారు, చేతిలో కాయలు కింద పెట్టింది. మూడోది అనంగానే లేచి ఉరికింది. మేం పిలిచేలోపు పత్తి చేలో పడి పోయింది. ఏమ్మా, ఆ గొంతంటే భయమా దానికి?"

ఆమె ఊరికే అడిగింది. నాకు మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా పిల్లకి లెక్కలు వచ్చు. మాటల్లో రావు గాని మూడు అంటే ఏమిటో దానికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఒకటిన్నర నుంచి మూడు మైకుల్లో, మూడు దిక్కుల నుంచి, అందులో ఒకటి తండ్రి గొంతుతోనే, మూడేసిసార్లు మేం దానికి చెబుతున్నదేమిటి? బెల్టు వస్తోంది, పారిపో అని. వెతుకుతున్నామని మేం అనుకుంటున్నాం, తరుముతున్నాం.

మా ఆయన వెనక నుంచి, "పద పద, పత్తి చేలో గట్టిగా పిలుద్దాం" అంటూ మైకు నోటిదగ్గర పెట్టుకున్నాడు. పేరు సగంలో ఉండగానే నేను వెనక్కి తిరిగి మైకు వైరు పట్టి లాగాను. కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది అది.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు.

"నువ్వు పిలవద్దు" అన్నాను. పదహారేళ్ళ కాపురంలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఏవండీ అనే మాట ఆ డొంకలోనే ఎక్కడో పడిపోయింది, నేను మళ్ళీ వెతుక్కోలేదు.

"పిలవకుండా ఎట్టా దొరుకుద్దే?"

"పిలిస్తేనేగా పోతోంది. ఆమె చెప్పింది వినపడలేదా? మూడో పిలుపుకి ఉరికిందంట. మూడో పిలుపుకి మనింట్లో ఏమొచ్చుద్దో ఇక్కడ అందరి ముందూ చెప్పమంటావా?"

ఆడవాళ్ళందరూ కోత ఆపి చూస్తున్నారు. సాయిబు ఆటో ఇంజను ఆపేశాడు. మా ఆయన మొహం నల్లబడింది. తగ్గుతాడనుకున్నాను, తగ్గలేదు. "ఇంటికి రా చెప్తా" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. ఆ మాటకి పదహారేళ్ళు వణికాను. ఆ పూట ఎందుకో వణకలేదు. పిల్ల లేని ఇంట్లో నాకు ఆయన చెప్పేదేముంది, చేసేదేముంది?

ఫోన్ తీసి పాస్టరు గారికి చెప్పాను, మైకు ఆపండి, కారణం తర్వాత చెప్తానని. రామాలయం పూజారి గారికీ చెప్పాను. అయిదు నిమిషాల్లో ఊరి మీద చప్పుడు ఆగిపోయింది. "నా వెనకాల రావద్దు" అని మా ఆయనకి చెప్పి, ఆయన్ని అక్కడే ఆపి ఉంచమని సాయిబుని అడిగి, ఆ పెద్దామె చూపించిన వైపు పత్తి చేలో దిగాను.

పత్తి ఏరడం అయిపోయి కట్టె మిగిలిన చేలు. పల్లేరు కాయలు చీర కుచ్చిళ్ళకి గుత్తులు గుత్తులుగా అంటుకున్నాయి. చెప్పు తెగింది, వదిలేశాను. పిలవాలని గొంతు దాకా వస్తోంది. పిల్ల కనపడకపోతే తల్లి చేసే మొదటి పని పిలవడమే కదా. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నడిచాను. ఆలోచించుకుంటూ నడిచాను: చర్చి మైకు పడమర, రామాలయం ఉత్తరం, ఆటో దక్షిణం నుంచి వచ్చింది. చప్పుడు లేని చోటు ఏది మిగిలింది?

చేను దాటాక పొగాకు వేడికి ఎండబెట్టే పాత బేరన్ ఒకటి ఉంది. పొగాకు మానేసిన రైతుది. కిటికీల్లేని మందపాటి గోడలు, పైన ఎప్పటివో కర్రలు. దాని తలుపు సగం ఊడి ఉంది. లోపల చీకటికి కళ్ళు అలవాటుపడ్డాక మూలన పచ్చ రంగు కనపడింది. రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చుని ఉంది నా తల్లి.

పరిగెత్తి వాటేసుకోవాలనిపించింది. అది నా కోరిక, దాని కోరిక కాదు. గుమ్మంలోనే నేలమీద కూర్చున్నాను, దాని వైపు వీపు పెట్టి. వీపు చూపిస్తే కొట్టడానికి రాలేదని తెలుస్తుందనుకున్నాను. మాట్లాడకుండా కూర్చోవడం నాకు చాలా కష్టం. జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది మంచి పనికోసం అదొక్కసారే. ఎండ గుమ్మం మీంచి జరిగి జరిగి నా మోకాళ్ళ దాకా వచ్చింది. వెనక ఊగే చప్పుడు తగ్గింది. తర్వాత ఆగింది. తర్వాత నా చీర ఎక్కడో లాగినట్టయింది. తల తిప్పకుండా ఓరగా చూశాను. నా కుచ్చిళ్ళకి అంటుకున్న పల్లేరు కాయలు ఒక్కొక్కటే పీకి నేలమీద వరసగా పెడుతోంది. చిన్నవి ఒక వరస, పెద్దవి ఒక వరస. దాని ముంజేతి మీద బెల్టు వాత ఎర్రగా ఉబ్బి ఉంది. అప్పుడు ఏడ్చాను, చప్పుడు కాకుండా. అన్నీ పీకడం అయ్యాక అదే లేచింది. నేనూ లేచాను.

ఆటో దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ఒక్క అంగలో ముందుకొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. నీళ్ళున్నాయని చెయ్యి లేవదనుకోకండి, మన మగవాళ్ళకి భయం తీరగానే ముందు లేచేది చెయ్యే. నేను మధ్యలో నిలబడ్డాను. "వెనక సీట్లో నువ్వు కూర్చోవద్దు. ముందుకెళ్ళు" అన్నాను. సాయిబు తన పక్క సీటు చేత్తో తుడిచాడు. మా ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

స్టేషన్‌కి తీసుకెళ్ళి పిల్లని చూపించి కాగితం రాసిస్తే గాని ఫిర్యాదు మూయరట. దీపాలు పెట్టే వేళకి వెళ్ళాం. మా అత్తగారు, మరుదులు అప్పటికే అక్కడున్నారు. ఫిర్యాదులు రాసుకునే రైటరు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. పిల్లకి బిస్కెట్ పొట్లం ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. నాకు తెల్లకాగితం, పెన్ను ఇచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. "రాయండమ్మా. మా అమ్మాయి మతిస్థిమితం లేక తప్పిపోయినది, ఈ సాయంత్రం క్షేమంగా దొరికినది, ఎవరి మీదా అనుమానం లేదు."

నేను రాయడం మొదలుపెట్టాను. రిజిస్టర్లు రాసి రాసి నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. రాసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు.

"మా అమ్మాయి తప్పిపోలేదు, పారిపోయింది. దానికి ఆటిజం. పిలిస్తే పలకలేదని ఈ పొద్దున దాని తండ్రి బెల్టుతో కొట్టాడు. నాయనమ్మ మిరపకాయల పొగ పెట్టింది. కొన్నేళ్ళుగా ఇట్లాగే జరుగుతోంది. ఒకసారి చేతులు పట్టుకుంది నేను. ఈ పొద్దున చూసి కూడా ఆపకుండా వెళ్ళిపోయింది నేను. ఇకముందు ఈ పిల్ల మీద ఎవరి చెయ్యి పడినా ఈ కాగితమే ఫిర్యాదు."

చదవడం అయ్యాక ఆయన కళ్ళజోడు తీశాడు. "ఇట్లా రాస్తే ఎస్సై గారు ఊరుకోరమ్మా. అందర్నీ పిలిపిస్తారు. మిమ్మల్ని కూడా."

"పిలిపించమనండి. వస్తాను."

"ఇంటి గుట్టు రోడ్డున పడేస్తావటే?" అంది మా అత్తగారు. "మేం పెంచలేదా పిల్లల్ని? మేం కొట్టలేదా?"

"కొట్టావు అత్తా. అదే రాశాను."

మా ఆయన గొంతు తగ్గించాడు. "చించెయ్. ఊళ్ళో తలెత్తుకోలేను."

"చించితే పిల్ల ఆ ఇంటి గడప తొక్కదు. మేమిద్దరం సెంటర్లో బియ్యం బస్తాల పక్కన పడుకుంటాం. రేపు పొద్దున పిల్లల్ని తీసుకొచ్చే తల్లులందరూ ఎందుకిక్కడున్నావని అడుగుతారు. నాకు అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది."

"అమ్మా, తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి" అన్నాడు రైటరు. నేను పెట్టేశాను. పెన్ను బల్ల మీద, పిల్ల కూర్చున్న వైపు పెట్టాను.

మా ఆయన మా అందరి మొహాలూ చూశాడు, ఎవరైనా అడ్డం పడతారేమోనని. చివరికి పెన్ను కోసం చెయ్యి చాపాడు. పెన్ను కోసమే. ఆ చెయ్యి బల్ల మీదికి లేవగానే పిల్ల బిస్కెట్ వదిలేసి, రెండు చేతులతో తల కప్పుకుని, బెంచీ మీద ముడుచుకుపోయింది. మొహం మోకాళ్ళలో దాచుకుంది. ఆయన చెయ్యి గాల్లో అట్లాగే ఆగిపోయింది. రైటరు చూశాడు, కానిస్టేబుళ్ళు చూశారు, గుమ్మంలో సాయిబు చూశాడు. ఇంట్లో వెయ్యిసార్లు జరిగింది ఇది. పదిమందిలో ఆయన చూడటం అదే మొదటిసారి.

చెయ్యి మెల్లగా దించాడు. ఎడం చేత్తో, పైకెత్తకుండా బల్ల అంచు వెంట, పిల్లకి కనపడకుండా పెన్ను జరుపుకుని తీసుకున్నాడు. సంతకం పెట్టాడు. పెట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. ఓదార్చడానికి నేను వెళ్ళలేదు. రైటరు వైపు తిరిగి ఆ కాగితానికి నకలు ఒకటి ఇవ్వమని అడిగాను.